పెరటిచెట్టు వైద్యము

మన కచేరీలలోను, పాఠశాలలలోను, కర్మాగారములలోను నిత్యము వినబడు మాట యొకటి కలదు: "సాధనములు లేవు, మేమేమి చేయగలము?" ఈ మాట పెక్కు చోట్ల సత్యమే. కాని లేనివాని పట్టికను వ్రాయువారు ఉన్నవాని పట్టికను వ్రాయుట అరుదు. ఉన్నదానిని లెక్కించుకొని కార్యము సాధించిన ఉదంత మొకటి హైదరాబాదునకు తూర్పున, ఉప్పల్ ప్రాంతమున జరిగినది. న్యాయవాదవృత్తిలో నున్న నాకు అది మరువరానిది.

1984లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు అలెక్ జెఫ్రీస్ డి.ఎన్‌.ఏ. ముద్రవలన మనుష్యుని గుర్తింపవచ్చునని కనుగొనెను. ఆ ముద్రను పైకి తెచ్చుటకు 'ప్రోబు' అను ఒక డి.ఎన్‌.ఏ. తునక కావలెను. ఆ పద్ధతికి పేటెంటు కలిగెను. వ్యాపారహక్కులు ఒక ఆంగ్ల కంపెనీకి చేరెను. మన కోర్టులలోని బీద కక్షిదారునికొరకు దానిని పరదేశమునుండి తెప్పించు వారెవరు?

1987లో డాక్టరు లాల్జీ సింగ్ గారు ఉప్పల్ రోడ్డున నున్న సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున చేరిరి. ఆయన వెంట తెచ్చినది ధనము కాదు, పాములను గూర్చిన జ్ఞానము. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదువునాటినుండియు ఆయన పాముల క్రోమోజోములను పరిశీలించుచుండిరి. పిదప ఎడింబరోలో, 1980 నాటికి, పసుపు నలుపు పట్టెలుగల కట్లపామునుండి పదేపదే మరలివచ్చు డి.ఎన్‌.ఏ. వరుస నొకదానిని వేరుచేసిరి. ఆ పాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన 'బుంగారస్' అను పేరు మన 'బంగారు' అను మాటనుండియే పుట్టినది! ఆడ మగ భేదము ఎట్లు కలుగునో తెలిసికొనుటకై చేసిన పని అది. న్యాయస్థానముల తలంపే అందు లేదు. కాని ఆ వరుస మనుష్యులయందును కలదు. మనిషి మనిషికి దాని కూర్పు మారును. అదియే ప్రోబుగా పనికివచ్చునని గ్రహించి, 1988లో స్వదేశీ పద్ధతిని సిద్ధపరచిరి. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత ఉప్పల్ రోడ్డున ఓడిపోయినది.

కేరళమున తలశ్శేరి కోర్టులో, ఒక బిడ్డకు తండ్రి యెవరను వివాదమున, ఈ సాక్ష్యము స్వీకరింపబడెను. 1991లో ఆ రాష్ట్రపు హైకోర్టు దానిని ఆమోదించెను. అంతకు పూర్వము అట్టి తల్లికి సాక్షుల నోళ్లే దిక్కు. సాక్షి బెదరును, మరచును, అమ్ముడుపోవును. రక్తము అమ్ముడుపోదు. ఈ పనికై ఏర్పడిన ప్రత్యేక కేంద్రము సి.డి.ఎఫ్‌.డి. కొంతకాలము నాచారమునను, పిదప నాంపల్లిలోను నడచి, నేడు ఉప్పల్‌లో నెలకొన్నది. పాము ప్రోబు స్థానమున క్రొత్త పద్ధతులు వచ్చినవి. నాటిన విత్తు మాత్రము వృక్షమైనది.

ఈ కథనుండి రెండు తప్పు పాఠములు నేర్చుకొనవచ్చును. ఉపాయము ఒక రాత్రిలో తట్టు చమత్కారమనుట మొదటిది. అట్లు కాదు, దాని వెనుక పదునైదేండ్లకు మించిన ఓపిక కలదు. తీగెతో బిగించి, నేటికి నడిపించి, రేపు మరల చెడనిచ్చుట ఉపాయము కాదు; అది సోమరితనమునకు వేసిన వేషము.

రెండవది మరింత ప్రమాదకరము. "చూచితిరా, తక్కువ ఖర్చుతోనే పని జరిగినది; ఇంకను తగ్గింతము" అని అధికారులు తలంపవచ్చును. అయ్యా, ఆ శాస్త్రజ్ఞునికి ప్రయోగశాల యుండెను, జీతముండెను, ప్రయోజనము వెంటనే కనబడని పరిశోధనకు అనుమతి యుండెను. ఆ పద్ధతిని కనిపెట్టినది లేమి కాదు, జ్ఞానము. లేమి చేసిన మేలు ఒక్కటే: చూపును పరాయి అంగడినుండి స్వంత పెట్టెవైపు మరల్చినది. పెట్టెయే ఖాళీగా నుండినచో చూపు మరలి ప్రయోజనమేమి?

కావున పని చేయువారికి నా మనవి: నాచారము పారిశ్రామికవాడలోని మేస్త్రీ యైనను, మారుమూల బడిలోని ఉపాధ్యాయుడైనను, "లేదు" అని అర్జీ వ్రాయుటకు ముందు, తనకు తెలిసినదేమి, తన యొద్ద మూలబడి యున్నదేమి అని ఒక కాగితముపై వ్రాసికొనవలయును. ఆపైన అర్జీయు వ్రాయవలయును, గట్టిగా వ్రాయవలయును. ఉన్నది లెక్క తెలిసినవాని అర్జీని కాదనుట ఏ అధికారికిని సులభము కాదు.