స్టీరింగ్ మార్చండి, బంపర్ జోలికి పోకండి

పాత కారుకి కొత్త పార్టులు పెట్టొచ్చా అన్న గొడవ మన హాస్టల్లో ఎప్పుడు మొదలైనా రెండు పార్టీలుగా చీలిపోతాం. ఒక పార్టీ "ఒరిజినల్ బోల్టు కూడా మార్చకూడదు, అలా అయితేనే వింటేజ్" అంటుంది. ఇంకో పార్టీ "బండి నాది, డబ్బు నాది, నీకెందుకు?" అంటుంది. నాకు రెండూ నచ్చవు. నా మాట ఇదీ: పాత కారుకి కొత్త స్టీరింగ్ పెట్టడం సరైన పని, కానీ దాన్ని పద్ధతిగా చెయ్యాలి. లావు పైపులతో కస్టమ్ బంపర్ బిగించడం మాత్రం ఎంత పద్ధతిగా చేసినా తప్పే. చట్టం ఈ రెండిటినీ ఒకే గాటన కడుతోంది. వర్క్‌షాపుల్లోనూ రెండూ ఒకే బిల్లు మీద అయిపోతున్నాయి. నా అభ్యంతరం అక్కడే.

మాది శృంగవరపుకోట. ఆ పూర్తి పేరు బోర్డుల మీదే కనిపిస్తుంది, నోటితో అందరం ఎస్.కోట అనే అంటాం. విశాఖ నుంచి అరకు వెళ్లేవాళ్లు మా ఊరు దాటి, బొడ్డవర మీదుగా వెళ్లి ఘాట్ ఎక్కుతారు. అందుకే మా దగ్గర పాత జీపులు, అంబాసిడర్లు ఇంకా బతికే ఉన్నాయి, వాటిని బాగుచేసే చేతులూ ఉన్నాయి. మా పెదనాన్నకి 1973 అంబాసిడర్ మార్క్-2 ఉంది, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. కొన్నది తాతయ్య, తుడిచి తుడిచి ఇన్నాళ్లు నిలబెట్టింది పెదనాన్న. ఇప్పుడాయనకి కుడి భుజం సరిగ్గా లేవదు. ఇంటి సందులో కారు తిప్పాలంటే చెమటలు పడతాయి. మెకానిక్ ఆయన ముందు రెండు దారులు పెట్టాడు: "పవర్ స్టీరింగ్ ఏసేద్దాం, లేదంటే అమ్మేద్దాం బావూ." స్టీరింగ్ ఎలాగూ విప్పుతాం కాబట్టి, అదే చేత్తో ముందు ఓ గట్టి బంపర్ కూడా వేసేద్దామన్నాడు.

కాబట్టి ఈ విషయం నాకు ఫేస్‌బుక్ చర్చ కాదు. మార్చకపోతే కారు పోతుంది. అడ్డగోలుగా మారిస్తే మనిషే పోవచ్చు.

ముందు స్టీరింగ్ సంగతి. అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పీనియన్ స్టీరింగే. పదకొండు వందల కిలోల పైచిలుకు బండి, ఏ సాయమూ లేదు. ఆ పెద్ద చక్రం అందం కోసం పెట్టింది కాదు, చేతికి లివరేజ్ కోసం పెట్టింది. బండి నడుస్తున్నప్పుడు అంత బరువు తెలియదు. ఆగి ఉన్నప్పుడు తిప్పితే టైరు నేల మీద రుద్దుకుంటూ తిరగాలి కాబట్టి అప్పుడు తెలుస్తుంది. అందుకే పవర్ స్టీరింగ్ అనే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. గాలి తక్కువుందా? లుక్ బాగుంటుందని వెడల్పు టైర్లు వేశారా? గ్రీజు నిప్పిళ్లలోకి గ్రీజు వెళ్లి ఎన్నేళ్లయింది? అలైన్‌మెంట్ ఎలా ఉంది? ఈ నాలుగూ సరిచేస్తే కొన్ని బండ్లకి అసలు మార్పే అక్కర్లేదు. అయ్యే ఖర్చు వందల్లోనే కాబట్టి వర్క్‌షాపుల్లో ఈ సలహా ఎవరూ ఇవ్వరు.

అవన్నీ చూసినా తేలిక కాకపోతే మిగిలిన దారి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. చిన్న కార్ల స్క్రాప్‌లోంచి మోటారుతో సహా కాలమ్ తెచ్చి, పాత కాలమ్ స్థానంలో డ్యాష్‌బోర్డు కింద బిగిస్తారు. హైడ్రాలిక్ అయితే పంపు, బెల్టు, గొట్టాలు, ఆయిలు ఇవన్నీ కావాలి. దీనికి వైర్లు చాలు. ఇందులో నాకు బాగా నచ్చే గుణం ఒకటుంది. మోటారు చచ్చిపోయినా మీ చేతికీ చక్రాలకీ మధ్య ఇనుప లంకె అలాగే ఉంటుంది. బరువెక్కుతుంది అంతే, బండి మాట వింటుంది.

వీడియోల్లో ఈ పని అరగంటలో అయిపోతుంది. నిజంగా విప్పితే ఒక మార్పు వెనక ఇంకోటి వస్తుంది. మార్క్-2కి గేరు రాడ్డు స్టీరింగ్ కాలమ్ పక్కనే ఉంటుంది, మనవాళ్లు హ్యాండ్ గేర్ అంటారే, అది. కాలమ్ మారితే గేరు లింకేజీ ఎక్కడికి పోవాలి? ఇక కరెంటు. మోటారు గట్టిగా పనిచేసేటప్పుడు 30, 40 ఆంపియర్లు కూడా లాగుతుంది. ఆ కాలపు డైనమో ఫుల్ స్పీడులో ఇచ్చేదే ఇరవై ఆంపియర్ల ప్రాంతం, ఐడిలింగ్‌లో అయితే దాదాపు ఏమీ ఇవ్వదు. పార్కింగులో సాయం కావాల్సిందేమో ఐడిలింగ్‌లోనే. అంటే ఆల్టర్నేటర్ పెట్టాలి. పాత బ్రిటిష్ డిజైన్ కార్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉండేది, ముందు అదీ చూసుకోవాలి. తర్వాత స్పీడ్ సిగ్నల్. కొత్త కారులో వేగం పెరిగేకొద్దీ మోటారు సాయం తగ్గిస్తుంది. పాత కారులో ఆ సిగ్నల్ ఇచ్చేవాడు లేడు. సందులో వెన్నలా తిరిగిన చక్రం, ఘాట్ దిగేటప్పుడు కూడా అంతే తేలిగ్గా తిరిగితే ప్రమాదం.

అన్నిటికంటే భయపెట్టేది వెల్డింగ్. పాత షాఫ్టు స్ప్లైన్లు ఒక లెక్క, కొత్త జాయింటువి ఇంకో లెక్క. రెండిటినీ దగ్గర పెట్టి ఆర్క్ వెల్డింగ్ కొట్టేయడం సులువైన దారి. మెటలర్జీ క్లాసులో నిద్రపోనివాళ్లకి తెలుసు, కార్బన్ ఎక్కువున్న స్టీలుని వెల్డ్ చేసి ఊరికే చల్లారనిస్తే అతుకు పక్కనున్న లోహం పెళుసుబారుతుంది. పైకి పూస నున్నగా కనిపిస్తుంది, లోపల పగులు ఉండొచ్చు. స్టీరింగ్ షాఫ్టు విరిగితే రెండో అవకాశం ఉండదు. లేత్ షాపులో రెండు పక్కలా సరిపోయే స్ప్లైన్లతో కప్లింగ్ చేయించి, బోల్టుతో బిగించుకోవడమే సరైన పని. ఇది విశాఖ ఇండస్ట్రియల్ ఎస్టేట్ దాకా వెళ్తే అయ్యే పనే. రెండు రోజులు ఎక్కువ పడుతుంది, అంతకు మించి కష్టమేమీ లేదు.

ఇంత శ్రమ ఎందుకంటే ఇంకో లాభం కూడా ఉంది. పాత కార్లలో స్టీరింగ్ షాఫ్టు ఒకే నిలువు కడ్డీ. ముందు నుంచి గుద్దుకుంటే అది డ్రైవర్ ఛాతీ మీదికి వస్తుంది. 1960ల చివర్లో అమెరికాలో గుద్దితే కుదించుకుపోయే కాలమ్ తప్పనిసరి చేసింది అందుకే. యూనివర్సల్ జాయింట్లతో, కుదించుకుపోయే గుణం చెడకుండా బిగించిన కొత్త కాలమ్, భుజాన్నే కాదు, పక్కటెముకల్నీ కాపాడొచ్చు. 'ఒరిజినల్' పార్టీ మిత్రులు ఈ ఒక్క పాయింటు ఆలోచించాలి. ఆ కడ్డీని అలాగే ఉంచాలన్న పట్టుదల దేని కోసం?

ఇప్పుడు బంపర్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

లెక్క చూడండి. 40 కిలోల పైపు బంపర్, ముందు ఇరుసుకి 70 సెంటీమీటర్లు ముందుకి వేలాడుతోందనుకుందాం. అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మిల్లీమీటర్లు. మూమెంట్లు తీసుకుంటే ముందు చక్రాల మీద పెరిగే బరువు 40 కాదు, 51 కిలోలు. వెనక చక్రాల మీద 11 కిలోలు తగ్గుతుంది. అంటే స్టీరింగ్ బరువుగా ఉందని వర్క్‌షాపుకి వెళ్లి, దాన్ని ఇంకా బరువు చేసే వస్తువు బిగించుకుని వస్తున్నాం! స్టీరింగ్ మోటారు ఇచ్చిన సాయంలో కొంత ఈ బంపరే తినేస్తుంది.

రెండోది గుద్దుకోవడం. గంటకి 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 13.9 మీటర్లు. ముందు భాగం అర మీటరు నలిగి ఆగితే లోపలివాళ్ల మీద సగటున 20 జీ పడుతుంది. పావు మీటరులోనే ఆగితే 39 జీ. అంబాసిడర్‌కి ఇప్పటి కార్లలాగా డిజైన్ చేసిన క్రంపుల్ జోన్ లేదు, నిజమే. అయినా ఆ రేకు నలుగుతుంది, నలిగినంత మేరకు మనల్ని కాస్తుంది. గట్టి పైపు ఆ కాస్త నలుగుడునీ తగ్గించి, దెబ్బని నేరుగా బాడీలోకి పంపుతుంది. అంబాసిడర్‌కి జీపులాగా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. యాభై ఏళ్ల తుప్పు తిన్న బాడీకి ఈ బరువు వెల్డ్ చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మూడోది, నా దృష్టిలో అసలైనది, ఎదుటి మనిషి. శివరాత్రికి పుణ్యగిరి వెళ్లే జనం, సంతకి వెళ్లి వచ్చేవాళ్లు, సాయంత్రం ట్యూషన్ వదిలాక సైకిళ్ల మీద పిల్లలు, వీళ్లంతా మా రోడ్డు మీదే నడుస్తారు. ఆ పైపు ఎత్తు పెద్దవాళ్ల తొడకి, చిన్నపిల్లల ఛాతీకి వస్తుంది. స్టీరింగ్ సరిగ్గా మార్చుకుంటే నా బండి నా మాట వింటుంది, అది ఎదుటివాడికీ మంచిదే. బంపర్ బిగిస్తే నా గీతలు తప్పించుకోవడానికి వాడి ఎముకలు పణంగా పెడుతున్నాను. "బండి నాది" అనే వాదన ఇక్కడ పనిచేయదు, రోడ్డు మీదున్న కాళ్లు నావి కావు కదా.

"మరి గేదెలు అడ్డొస్తేనో? రేడియేటర్ పోద్ది కదా?" అని మా మెకానిక్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. చీకటి పడ్డాక మా వైపు రోడ్ల మీద పశువులు నిజంగా ఉంటాయి. దానికి జవాబు మంచి హెడ్‌లైట్లు, మంచి బ్రేకులు, తక్కువ వేగం. ఆల్టర్నేటర్ ఎలాగూ పెడుతున్నాం కాబట్టి లైట్లకి కరెంటు కూడా సరిపోతుంది. బంపర్ డబ్బు వాటి మీద పెడితే గేదె కూడా బతుకుతుంది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, తయారీదారు స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు కుదరవంది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బంపర్ విషయంలో ఇది న్యాయమే. స్టీరింగ్ దగ్గరే చిక్కు. భయంతో జనం మార్పు మానడం లేదు, చాటుగా చేయిస్తున్నారు. చాటుగా చేసిన వెల్డింగుని ఎవరూ చూడరు.

పోనీ వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామా? 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి ఆ అర్హత ఉంది. 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల గడువు. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. బంపర్ కోసం బాడీకి వెల్డింగ్ పెట్టారంటే ఆ అర్హతకే ఎసరు. పైగా వింటేజ్ బండిని ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోజువారీ పనులకి తీయకూడదు. పెదనాన్నకి కారు ఉన్నది పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి, పెళ్లిళ్లకి వెళ్లడానికి. షెడ్డులో బొమ్మగా పెట్టుకోవడానికి కాదు.

అందుకే నేను అడిగేది కొత్త వింత ఏమీ కాదు. సీఎన్‌జీ కిట్‌కి ఇదే 52వ సెక్షన్లో దారి ఉంది. ఆమోదం ఉన్న కిట్ రూల్ ప్రకారం బిగిస్తే తప్పు కాదు. స్టీరింగ్ కిట్‌కి కూడా అలాంటి దారి ఇవ్వొచ్చు కదా? 15 ఏళ్లు దాటిన సొంత కారు ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ ముందుకి వెళ్లాల్సిందే. ఆ రోజే ఫ్యూజు పీకి, పవర్ లేకుండా చక్రం తిప్పి చూస్తే, షాఫ్టు జాయింటు కింద నుంచి చూస్తే, పది నిమిషాల పని.

చట్టం మారేదాకా మనం చేయగలిగింది కూడా ఉంది. బాహా పోటీకి బండి కట్టినవాళ్లకి తెలుసు, టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ దాటకపోతే ట్రాక్ మీదికే వదలరు. ఆ చెక్‌లిస్టు అలవాటుని మన ఊళ్లకి తీసుకెళ్దాం. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఎవరైనా పాత బండికి స్టీరింగ్ మారుస్తుంటే మూడు ప్రశ్నలు అడగండి. కరెంటు పోతే తిరుగుతుందా? షాఫ్టులో ఎక్కడైనా వెల్డింగ్ ఉందా? విప్పిన పాత పార్టులు దాచి, మళ్లీ బిగించుకునేలా ఉంచారా? మెకానిక్ దగ్గర తెలివి చూపించడానికి కాదు, ఆయన చేతికి మన లెక్క తోడవడానికి. మా ఊరి మెకానిక్‌కి కప్లింగ్ డ్రాయింగ్ గీసి ఇస్తే "ఇదేదో బాగుందే" అని జేబులో పెట్టుకున్నాడు. పెదనాన్న కారు పని ఇంకా మొదలవలేదు, లేత్ షాపు తేదీ కోసం చూస్తున్నాం. బంపర్ మాత్రం పాత క్రోమ్ బంపరే ఉంటుంది. అది ఇంట్లో అందరం కలిసి తేల్చేశాం.