హిట్ కొట్టినా మూతే!

2024 ఏప్రిల్‌లో బాఫ్టా గేమ్స్ అవార్డుల్లో ‘హై-ఫై రష్’ అనే వీడియో గేమ్‌కు యానిమేషన్ విభాగంలో పురస్కారం దక్కింది. నెల తిరగకముందే దాన్ని తయారు చేసిన టోక్యో స్టూడియో ‘టాంగో గేమ్‌వర్క్స్’ను మూసేస్తున్నట్టు యజమాని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ గేమ్ ఆడినవారు 30 లక్షలకు పైనే. అన్ని అంచనాలనూ అందుకున్న హిట్ అని ఏడాది క్రితం కంపెనీ ఉన్నతోద్యోగే బహిరంగంగా మెచ్చుకున్నారు. అయినా వేటు తప్పలేదు.

పోనీ, మైక్రోసాఫ్ట్ నష్టాల్లో ఉందా? 2024 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో దాని నికర లాభం సుమారు 8,800 కోట్ల డాలర్లు. కానీ షేర్ మార్కెట్‌కు లాభం వస్తే సరిపోదు, అది నిరుటికన్నా పెరగాలి. లాక్‌డౌన్ రోజుల్లో జనం ఇళ్లలో కూర్చుని తెగ ఆడటంతో గేమింగ్ ఆదాయాలు ఎగబాకాయి. ఆ ఊపు ఆగదనుకున్న కంపెనీలు పోటీపడి నియామకాలు, కొనుగోళ్లు చేశాయి. మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. మూడు నెలలకే గేమింగ్ విభాగంలో 1,900 మందిని ఇంటికి పంపింది.

ఆ విభాగానికి 30 శాతం లాభాల మార్జిన్ లక్ష్యం పెట్టారని 2025లో బ్లూమ్‌బర్గ్ రాసింది. మంచి గేమ్ తయారీకి ఏళ్లు పడుతుంది. ఉద్యోగాలు కోస్తే, ధరలు పెంచితే ఫలితం వచ్చే త్రైమాసికంలోనే కనిపిస్తుంది. అందుకే ఆ దారే తేలిక. 2025 అక్టోబరులో ‘గేమ్ పాస్ అల్టిమేట్’ నెల చందా మన దేశంలో 829 రూపాయల నుంచి 1,389కి చేరింది.

ఈ ఒత్తిడి మైక్రోసాఫ్ట్‌తోనే ఆగదు. హైదరాబాద్‌లోనూ ఉద్యోగులున్న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు కొనేందుకు సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి, మరో రెండు సంస్థలు 2025 సెప్టెంబరులో ఒప్పందం చేసుకున్నాయి. అందులో 2,000 కోట్ల డాలర్లు అప్పే. షేర్ మార్కెట్ నుంచి తప్పుకుంటే త్రైమాసిక ఒత్తిడి తగ్గుతుందనుకున్నా, వడ్డీ మాత్రం కంపెనీ సంపాదనలోంచే కట్టాలి. ఆ భారం పడేది ఆడేవారి మీద, తయారుచేసేవారి మీదే.

టాంగో కథకు కొసమెరుపు ఉంది. మన యువతకు బీజీఎంఐతో పరిచయమైన దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2024 ఆగస్టులో ఆ బృందాన్ని, ‘హై-ఫై రష్’ హక్కులను తీసుకుంది. ఒకరు వద్దనుకున్నది ఇంకొకరికి పనికొచ్చింది. అయితే టాంగోతోపాటే మూతపడ్డ అమెరికా స్టూడియో ఆర్కేన్ ఆస్టిన్‌ను ఆదుకోవడానికి ఎవరూ రాలేదు.