ఉమ్మడి ప్రయాణమునకు చట్టపు అడ్డు

ఉదయము తొమ్మిది గంటలవేళ హైదరాబాదున మాదాపూరు, గచ్చిబౌలి మార్గములను చూచినవారికి ఒక వింత గోచరించును. కార్లు బారులు తీరి నిలిచియుండును; ఒక్కొక్కదానిలో నలుగురికి చోటు గలదు; కూర్చున్నవాడు తరచుగా ఒక్కడే. ఒకే వీధినుండి ఒకే కార్యాలయమునకు, ఒకే గంటకు పోవు నలుగురు నాలుగు కార్లు నడుపుచు, ఒకరు విడిచిన పొగను మరియొకరు పీల్చుచున్నారు. 2019లో కేంద్ర ప్రభుత్వమారంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు పట్టికలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల పేర్లు చేరియుండుట మనకు గౌరవము కాదు.

ఈ రోగమునకు మందు క్రొత్తది కాదు. అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున త్రీ ఎమ్ కంపెనీ 1973లో ఆరు వ్యానులతో ఒక ప్రయత్నము చేసెను. ఉద్యోగులలో ఒకడే వ్యాను నడుపును; తక్కినవారు దారిలో ఎక్కుదురు; ఖర్చును నెలకింతయని పంచుకొందురు. జీతపు డ్రైవరు లేడు గనుక బస్సు పోలేని చోటికిని ఇది చవుకగా పోవును. సియాటిల్ ప్రాంతమున ప్రభుత్వ రవాణా సంస్థయే 1979 నుండి ఇట్టి వ్యానులను సమకూర్చుచున్నది. మన తెలుగువా రనేకులు ఉద్యోగము చేయుచున్న ప్రాంతమది. అచ్చటి వాషింగ్టను రాష్ట్రము 1991లో ఒక చట్టము చేసినది. జనసమ్మర్దముగల ప్రాంతములలో, ఉదయము 6 మొదలు 9 గంటలలోపల పనికి వచ్చు ఉద్యోగులు నూర్గురికి తగ్గని యజమానులు, వారి ఒంటరి ప్రయాణములను తగ్గించు ఏర్పాట్లు చేయవలెను.

బలవంతము మాత్రమే చాలదనియు ఆ దేశమే నేర్పినది. 1990 నాటి స్వచ్ఛవాయు చట్టపు సవరణ, మిక్కిలి కలుషితమైన నగరములలోని పెద్ద యజమానులపై ఇట్టి భారమునే మోపెను. వారు ఖర్చును గూర్చి మొరపెట్టగా 1995లో కాంగ్రెసు సభ దానిని ఐచ్ఛికముగా మార్చెను.

మనకు బలవంతము మాట అటుంచి, ఇష్టపడి కలిసి పోవువారికే చిక్కు గలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునందలి 66వ విభాగము ప్రకారము, ప్రతిఫలమునకు ప్రయాణికులను తీసికొనిపోవు వాహనమునకు పర్మిటు కావలెను. పొరుగువాడిచ్చు పెట్రోలు వాటా ప్రతిఫలమా, కాదా? ఈ ప్రశ్నకు చట్టమున తేటయైన సమాధానము లేదు. 2020లో కేంద్రము ప్రకటించిన మార్గదర్శక సూత్రములు లైసెన్సుగల సంస్థల ద్వారా, దినమునకు నాలుగు ప్రయాణములకు మించకుండ, నగరములో సొంతకార్ల పంపకమును అనుమతించి, దానిని నిషేధించు అధికారమును రాష్ట్రములకు విడిచినవి. 2023లో బెంగుళూరున టాక్సీ సంఘములవారు అభ్యంతరము తెలుపగా ఈ వివాదము వీధికెక్కెను.

ఆంగ్లదేశము ఈ ముడిని 1981 నాటి చట్టములో విప్పినది. వసూలైన మొత్తము ఆ ప్రయాణపు ఖర్చును మించనంతవరకు అది కిరాయి వ్యాపారము కాదు. దొరల చట్టములు మోయరానివి ఎన్నో నేటికిని మోయుచున్నాము. తెచ్చుకొనదగిన ఈ ఒక్కదానిని తెచ్చుకొనమైతిమి.

పర్మిటుకు, పన్నుకు, వడ్డీకి సొమ్ముకట్టి బ్రతుకు వెళ్లదీయు ఆటో, టాక్సీ సోదరుల భయమును మేము తేలికగా చూడము. లాభమునకు నడుపువాడు వారివలెనే పర్మిటు పొందవలసినదే. ఖర్చు పంచుకొనువానిని, లాభము తీయువానిని ఒకే గాట కట్టుట మాత్రము న్యాయము కాదు.

మరియొక సంగతి. ఇంజను చల్లగానున్నపుడు పొగను శుద్ధిచేయు పరికరము సరిగా పనిచేయదు. బయలుదేరిన తొలి నిమిషములందే విషము హెచ్చు. కావున వ్యాను నిలుచు తావునకు కారెక్కి పోయినచో ఫలములో కొంత మొదటనే పోవును. నడిచిపోదగినంత దూరమున వ్యాను నిలువవలెను. నడుచుటకు కాలిబాట యుండవలెను.

ఖర్చు పంచుకొనుట నేరము కాదని తెలుగు ప్రభుత్వములు రెండును స్పష్టముగా ప్రకటించి, అట్టి ప్రయాణికులకు బీమా వర్తించునట్లు చూడవలెను. పెద్ద కంపెనీలు వ్యానులను సమకూర్చి, పని ఆలస్యమైన దినమున, ముఖ్యముగా స్త్రీలను, ఇల్లు చేర్చు పూచీ వహింపవలెను. ఇక పాఠకులకు మా మనవి యొక్కటే. రైలుపెట్టెలో ముక్కు మొగము తెలియనివానికి జరిగి చోటిచ్చు అలవాటు మనకు గలదు. పొరుగింటివానికి కారులో చోటిచ్చుటకు వెనుదీయనేల?