చేపనోటిలోని జీవి పురుగు కాదు

మన మడికొండకు సముద్రము బహుదూరము. అయినను తూర్పుతీరమునుండి మంచులో వచ్చు సముద్రపుచేపలు మన ప్రాంతపు అంగళ్లలో దొరకుచున్నవి. ఒకానొకప్పుడు చేపనోట గాని, మొప్పలసందున గాని కొక్కెములవంటి కాళ్లతో పట్టుకొనియున్న జీవి యొకటి కానవచ్చును. చూచినవారు "ఈ చేప కుళ్లి పురుగు పట్టినది" అని పారవేయుదురు, అమ్మినవానిని నిందింతురు. ఆ నిందకు ముందు ఆ జీవి యేదియో విచారించుట న్యాయమని మా అభిప్రాయము.

కుళ్లిన మాంసమున గానవచ్చునది ఈగపిల్ల. దానికి కాళ్లు లేవు. చేపనోటిలోనిదో, బ్రదికియున్న చేపనే యాశ్రయించి దాని రక్తమాంసములతో జీవించునది. కావున అది కుళ్లునకు గుర్తు కానేరదు. చేప తాజాదనమును కంటివలనను, మొప్పలరంగువలనను, వాసనవలనను తెలిసికొనవలెను. మరియు నీ జీవి మనుష్యశరీరమున నివసించునది కాదు.

దీనిని గుర్తించుట కష్టము కాదు. కాళ్లు లెక్కింపుడు. కీటకమునకు 3 జతలు. దీనికి 7 జతలు. మీదినుండి అణచినట్లున్న దేహము, వరుసగా కట్లు, ప్రతికాలి కొనను వంకరగోరు ఉన్నచో నది రొయ్యకును పీతకును జ్ఞాతియైన క్రస్టేషియా వర్గములో, ఐసోపోడా గణమునకు, సైమోథోయిడే కుటుంబమునకు చెందినదని తలపవచ్చును. అయితే తల్లిసంచి విడిచిన పసిపిల్లకు 6 జతలే యుండును. ఇవి మొదట మగవై, పిమ్మట ఆడువగును. ఒకే చేపపై నున్న చిన్నదానిని పెద్దదానిని చూచి రెండు జాతులనుకొనరాదు.

పైరూపము మహాపండితులనే భ్రమింపజేసినది. చేపమాంసమున తలను లంగరువలె నాటుకొను లెర్నియా యను జీవిని లిన్నేయసు 1758లో పురుగుల తరగతిలో జేర్చెను. తరువాతి శతాబ్దమున దాని పిల్లలు కీళ్లకాళ్లతో నీదుట చూచినపిమ్మటనే అదియు క్రస్టేషియాయని తేలినది. మన దేశపు సముద్రపుచేపలపై నివసించు ఇట్టి కోపిపోడా జీవులనుగూర్చి ఎన్. కృష్ణపిళ్ల రచించిన గ్రంథమును భారత జంతుశాస్త్ర సర్వేక్షణసంస్థ 1985లో ప్రకటించెను.

"వండుకొని తినువారికి ఈ పేరులతో నేమిపని?" అని కొందరందురు. పని కలదు. చెరువుచేపలకును లెర్నియా, చేపపేను అనునవి పట్టును. పురుగునకు వేయు మందు వేరు, వీనికి వేయు మందు వేరు. గుర్తింపక వేసినచో రైతుధనము నీటిపాలగును. అంగడిలో నైనను, తెలియక పలికిన యొక్క మాటచే బీదయమ్మకందారు దినపుకూలి పోవును.

కావున విద్యార్థులారా, అట్టి జీవి దొరకినప్పుడు పారవేయకుడు. నూటికి 70 పాళ్ల ఆల్కహాలుగల సీసాలో నుంచి, ఏ చేపపై, ఏ యంగమున, ఏ దినమున దొరకెనో చీటి వ్రాసి మన ప్రయోగశాలకు తెండు. చీటిలేని జీవి శాస్త్రమునకు సగమే యుపయోగించును. తలిదండ్రులును, అంగడిలో చేపను త్రోసివేయకముందు, పిల్లవానిచేత కాళ్లు లెక్కింపజేయుదురుగాక.