వైరస్‌ సోకిన తల్లికి ప్రసవవేళ అండ

పుదుచ్చేరి పట్టణంలో ఇంటి కాన్పులు దాదాపు కనుమరుగయ్యాయి. జిప్మర్‌, రాజీవ్‌గాంధీ ప్రభుత్వ మహిళా శిశు ఆసుపత్రి వంటి వైద్యాలయాలు చేరువలో ఉండడం ఇందుకు తోడ్పడింది. అయితే హెచ్‌ఐవీ, హెపటైటిస్‌-బి వంటి రక్తం ద్వారా సంక్రమించే వైరస్‌లు సోకిన గర్భిణికి ఆసుపత్రి గడప తొక్కాలంటే మరో భయం వెన్నాడుతుంది. వ్యాధి సంగతి నలుగురికీ తెలుస్తుందేమో, చిన్నచూపు చూస్తారేమో అన్నదే ఆ భయం. అటువంటి తల్లికి ఇంటివద్దే మంత్రసాని అండ చాలునా?

చాలదనే వైద్యశాస్త్రం చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, చికిత్స లేనప్పుడు తల్లి నుండి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశం 15 నుండి 45 శాతం. తల్లీబిడ్డలకు సకాలంలో మందులు అందితే అది 5 శాతంలోపునకు తగ్గుతుంది. హెపటైటిస్‌-బి టీకాను శిశువుకు 24 గంటల్లోగా వేయాలి. తల్లికి ఆ వైరస్‌ ఉంటే, టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్‌ ఇంజక్షన్‌ను వీలైనంతవరకు 12 గంటల్లోగా ఇవ్వాలి. పుట్టుక సమయంలో ఈ వైరస్‌ సోకిన శిశువుల్లో సుమారు 90 శాతం మందికి అది దీర్ఘకాలిక వ్యాధిగా మారుతుంది. కనుక తొలి రోజే నిర్ణాయకం. ఇంటి కాన్పులకు మిడ్‌వైఫ్‌లు హాజరయ్యే బ్రిటన్‌లో సైతం, హెచ్‌ఐవీ ఉన్న తల్లులు శిశువైద్యం అందుబాటులో ఉన్నచోటనే ప్రసవించాలని నిపుణుల సంఘం సూచిస్తోంది.

అందువల్ల మంత్రసాని ఇచ్చే ఆత్మీయతను ఆసుపత్రిలోనికే తీసుకురావడం మేలైన మార్గం. నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణనిచ్చి మిడ్‌వైఫ్‌లుగా తీర్చిదిద్దాలని కేంద్రం 2018లో మార్గదర్శకాలు వెలువరించింది. అంతకుముందే 2017లో తెలంగాణ ఈ బాట పట్టింది. గర్భం దాల్చిన నాటి నుండి బాలింత దశ వరకు తెలిసిన మనిషి ఒకరు వెంట ఉంటే, మందులు మానకుండా చూడడమూ, రహస్యం కాపాడడమూ సులభమవుతుంది.

చట్టం కూడా ఇందుకు బాసటగా ఉంది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ నివారణ, నియంత్రణ చట్టం చికిత్సలో వివక్షను నిషేధించింది; పరీక్షకు ముందు సమ్మతిని తప్పనిసరి చేసింది. సిబ్బందికి రక్షణ సాధనాలు సమకూర్చడం యాజమాన్యం బాధ్యతగా పేర్కొంది. అయితే హెపటైటిస్‌-బి బాధితులు ఈ చట్టం పరిధిలోకి రారు. ఆ లోటు తీరేవరకు, ప్రతి కాన్పులోనూ ఒకే విధమైన జాగ్రత్తలు పాటించడం ఆసుపత్రుల చేతిలోని పనే. చేతితొడుగులు అందరి కాన్పుకూ ఒకే తీరున వాడితే, ఏ తల్లికి ఏ వైరస్‌ ఉన్నదో పక్క మంచంవారికి తెలియదు.