నొప్పి చెప్పుకోని సిపాయి



కపెర్నహూములో ఒక శతాధిపతి ప్రభువు దగ్గరకు వచ్చి, తన దాసుడు పక్షవాతంతో మంచాన పడి విపరీతంగా బాధపడుతున్నాడని బతిమాలుకొన్న సంగతి మనందరికీ తెలిసినదే. నూరుమంది సైనికులపై అధికారి అయినా, ఇంట్లో పనివాని నొప్పి గురించి చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు. తన ఒంటి నొప్పి గురించి మాత్రం ఆయన ఒక్క మాట అన్నట్లు సువార్తలో లేదు.

మా ఓ.పి.కి వచ్చే మిలిటరీవారిని చూసినప్పుడల్లా మాకు ఆయనే గుర్తుకు వస్తాడు. భార్యకు షుగరు పరీక్ష చేయించడానికి వస్తారు. తల్లికి కళ్ళు చూపించడానికి వస్తారు. "మీ నడుము ఎలా ఉందండీ?" అని అడిగితే, "ఏం లేదు సార్, మామూలే" అంటారు. లేచేటప్పుడు మాత్రం బల్ల అంచు పట్టుకొని లేస్తారు.

ఈ సంచికలో మేము చెప్పదలచిన మాట ఒక్కటే. సైన్యం నుండి తిరిగివచ్చినవారిలో ఒంటి నొప్పిని, మనసు బాధను విడదీసి చూడకూడదు. ఒకదానిని వదిలేసి రెండవదానికి మాత్రమే వైద్యం చేస్తే చాలామందిలో రెండూ తగ్గవు. వారు చెప్పుకోరు. మనం అడగం. తప్పు మన వైపు కూడా ఉంది.

సైన్యంతో మన తెలుగువారి సంబంధం ఈనాటిది కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఒక్క గ్రామం నుండి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండవ యుద్ధానికి 1,110 మంది వెళ్ళారు. ఈ రోజుకూ చాలా ఊళ్ళలో "మిలిటరీ ఆయన ఇల్లు" అంటే చాలు, దారి చూపిస్తారు.

జవానుగా చేరినవారిలో చాలామంది నలభై ఏళ్ళ లోపే రిటైరై వస్తారు. అప్పటికే బరువులు మోసి మోసి నడుము, మోకాళ్ళు అరిగి ఉంటాయి. మంచు కొండల్లో పనిచేసినవారికి వేళ్ళలో తిమ్మిరి, మంట మిగిలిపోవచ్చు. ఫిరంగుల మోతకు చెవిలో హోరు మిగిలినవారూ ఉన్నారు. అలాంటి ఒంటితో వచ్చి, పిల్లల చదువుల కోసం ఏ బ్యాంకు గుమ్మం దగ్గరో, ఫ్యాక్టరీ గేటు దగ్గరో సెక్యూరిటీ గార్డుగా రాత్రంతా నిలబడతారు.

"అంత యుద్ధం చేసినవాడు, ఈ నడుము నొప్పికి ఇంత అవస్థ పడతాడా?" అని ఇంట్లోవారే అంటూ ఉంటారు. దీనికి జవాబు వైద్య చరిత్రలోనే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికా డాక్టరు ఇటలీ రణరంగంలో తీవ్రంగా గాయపడిన సైనికులను ప్రశ్నించి, తాను చూసినది 1946లో ప్రచురించాడు. వారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది నొప్పి తగ్గించే మందు అక్కరలేదన్నారట! ఆ గాయం అంటే వారికి యుద్ధం ముగిసినట్టు, ప్రాణాలతో ఇల్లు చేరబోతున్నట్టు. అందుకే నొప్పి అంతగా తెలియలేదని ఆయన భావించాడు. మరి ఇంటికి వచ్చాక? తోటివారు లేరు, యూనిఫారం లేదు, చేయడానికి తగిన పని లేదు. అప్పుడు నొప్పికి అర్థం మారిపోతుంది. చిన్న గాయం కూడా పెద్దగా బాధిస్తుంది. ఇది నటన కాదు. నొప్పి తీవ్రతను గాయం ఒక్కటే నిర్ణయించదు, మెదడు కూడా నిర్ణయిస్తుంది.

నొప్పి వల్ల నిద్ర రాదు. నిద్ర లేకపోతే మరునాడు నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. దానితో చిరాకు, కోపం, దిగులు మొదలవుతాయి. దిగులుగా ఉన్నవాడు కదలడు. కదలని కీళ్ళు మరింత బిగుసుకుంటాయి. పోరాటం చూసి వచ్చిన కొందరికి పీడకలలు, టపాకాయ పేలితే ఉలికిపాటు కూడా తోడవుతాయి. అమెరికాలో 2010-2014 మధ్య జరిపిన జాతీయ సర్వేలో, గత మూడు నెలల్లో నొప్పి ఉందన్న మాజీ సైనికులు నూటికి 65 మందికి పైగా ఉన్నారు. తీవ్రమైన నొప్పి అన్నవారు మాజీ సైనికులలో 9.1 శాతం అయితే, సైన్యంలో పనిచేయనివారిలో 6.4 శాతం.

ఇక స్త్రీల సంగతి. మాజీ సైనికుడు అనగానే మనకు మీసాలున్న ముఖమే కనబడుతుంది. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పనిచేసి వచ్చిన అక్కచెల్లెళ్ళు మన సంఘాలలో కూడా ఉన్నారు. వారు తుపాకి పట్టి ఉండకపోవచ్చు. తుపాకి చేసిన గాయాలను రాత్రింబగళ్ళు కడిగింది మాత్రం వారే. రోగులను ఎత్తి దించిన నడుములు అవి. చూసిన చావులు వారి మనసులో ఉన్నాయి. 1992 నుండి స్త్రీలు సైన్యంలోని ఇతర శాఖలలోనూ ఆఫీసర్లుగా చేరుతున్నారు. 2021లో మిలిటరీ పోలీసు విభాగంలో మొదటి మహిళా జవాన్ల జట్టు శిక్షణ ముగించుకొంది. రేపు మన ఓ.పి.లకు వచ్చేవారిలో వీరూ ఉంటారు. ఆడవారి నొప్పిని "వయసు వల్ల", "నెలసరి ఆగినందువల్ల" అని తేల్చివేసే అలవాటు డాక్టర్లమైన మాలో కూడా ఉంది. దాన్ని మేము మానుకోవాలి.

మన భాషలో "మందు" అంటే ఔషధమే కాదు, సారాయి కూడా. క్యాంటీన్ నుండి తెచ్చుకొన్న రమ్ము మొదట నిద్ర కోసం, తరువాత నొప్పి కోసం, చివరకు దాని కోసమే అవుతుంది. దానికి తోడు మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న నొప్పి బిళ్ళలు. రోజుల తరబడి వాడితే అవి కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను పాడు చేస్తాయి. ఈ రెండు "మందులు" కలిస్తే మరీ ప్రమాదం.

మరొక మాట. నరాల నొప్పికీ దిగులుకూ రెండింటికీ పనిచేసే మందులు కొన్ని ఉన్నాయి. అమిట్రిప్టిలిన్ అలాంటిదే. డాక్టరు అది రాస్తే, "పిచ్చి మందు రాశారు" అని ఇంట్లోవారు ఆపించేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. సందేహం ఉంటే వచ్చి మమ్మల్ని అడగండి.

కుటుంబాలవారు చేయగలిగినవి ఇవి. రాత్రి నిద్ర పడుతోందా అని అడగండి. నొప్పి చూపించుకోవడానికి వచ్చినప్పుడు కోపం, దిగులు, తాగుడు సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. ఫిజియోథెరపీ నాలుగు రోజులకే మానేయకండి. ఉదయం ఆయనతో కలిసి నడవండి. పింఛనుదారులకు 2003లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. వైద్య పథకం ఉంది. సభ్యత్వ వివరాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. "ఇక బతికి ఏం లాభం" అనే మాట నోట వస్తే తేలికగా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళలోనైనా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

పాస్టరుగార్లకు మా మనవి: ప్రార్థన చేయండి, ఇంటికి వెళ్ళి పలకరించండి, కాని విశ్వాసం ఉంటే మందులు మానేయమని చెప్పకండి. ఏలీయా ప్రాణం విసిగి బదరీవృక్షం కింద పడుకొన్నప్పుడు దేవదూత ఆయనను గద్దించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు.

ప్రతి జనవరి 26న మనం వారిని పిలిచి శాలువా కప్పుతాం, చప్పట్లు కొడతాం. మంచిదే. ఈసారి శాలువా కప్పిన తరువాత పక్కన కూర్చొని, "నొప్పి ఎలా ఉంది అన్నయ్యా? నిద్ర పడుతోందా?" అని కూడా అడుగుదాం. "మామూలే" అంటే అక్కడితో ఆగక, మళ్ళీ ఒకసారి అడుగుదాం.