కనిపించని పిడుగు

చలికాలపు పొడిగాలిలో తలుపు గొళ్ళెము తాకినంతనే చేతికి చురుక్కుమనుట మనకందరికిని అనుభవమే. ఆ చురుకు తెలియవలెనన్న దేహముపై సుమారు 3,000 వోల్టుల స్థిర విద్యుత్తు చేరియుండవలెను. అయితే కొన్ని సున్నితమైన ఎలక్ట్రానిక్ భాగములు 100 వోల్టులకు లోపలనే చెడిపోవును. అనగా పనివారి వ్రేలికి తెలియకుండగనే చేతిలోని భాగము దెబ్బతినును. అట్టి భాగము ఒక్కొక్కప్పుడు పరీక్షలో నెగ్గి, కొన్ని నెలలకు కొన్నవారి ఇంట మూగవోవును. నింద మాత్రము పనివారిపై పడును.

నివారణము కష్టమైనది కాదు. మణికట్టుకు భూమితో కలిపిన పట్టీ, బల్లపై విద్యుత్తును మెల్లగా జార్చు చాప, భాగములకు తగిన సంచులు ముఖ్యమైనవి. పట్టీలో 10 లక్షల ఓముల నిరోధకముండును. పొరపాటున కరెంటు తీగ తగిలినను అది ప్రాణమును కాపాడును. కావున పట్టీకి బదులు ఉత్తి తీగ కట్టుకొనరాదు.

1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపితమైన నాటినుండి హైదరాబాదు ఈ పరిశ్రమకు నెలవైనది. మన విద్యార్థులును అట్టి బల్లలయొద్ద ఉపాధి వెదకుదురు. ప్రయోగశాలలో సోల్డరింగుకంటె ముందు పట్టీ ధరించుట నేర్పవలెనని మా అభిప్రాయము. స్వల్పమైన వెలగల పట్టీనైన ఇవ్వక, చెడిన భాగమునకు పనివారిని దండించుట న్యాయము కాదు.